మా నాయన కట్టిన రాగి తీగ

2022 వానాకాలం. శాలిబండలో మా దుకాణం ముందు రోడ్డు తవ్వి, పైపు వేసి, పూడ్చడం మరిచిపోయిన రోజులు. షేర్ ఆటోలు ఆ గుంతలో దిగి లేచినప్పుడల్లా నా బల్ల మీది స్క్రూలు గలగలమనేవి. నేను పాత రేడియోలు, రికార్డ్ ప్లేయర్లు బాగుచేస్తాను. నా పేరు శంకర్. దుకాణం మా నాయన రాజయ్య మేస్త్రి పెట్టింది. ఆయన పోయి పద్దెనిమిదేళ్లయినా, సామాను తెచ్చినవాళ్లు ముందు "రాజయ్య కొడుకువేనా?" అని అడిగి, అవునన్నాకే సంచీ విప్పేవారు. నాకు లోపల మండేది. ముప్పై ఏళ్లుగా సోల్డరింగ్ ఐరన్‌తో చేతులు కాల్చుకుంటున్నా ఇంకా నాయన పేరు మీదే బతకాలా అని. ఆ మంట ఉండబట్టే ఈ సంగతి ఇలా జరిగిందేమో అనిపిస్తుంది ఇప్పుడు.

ముందు రికార్డ్ చేంజర్ అంటే ఏమిటో చెప్పాలి. ఈ కాలంలో చాలామంది దాన్ని చూసి ఉండరు. మామూలు ప్లేయర్ మీద ఒక రికార్డు పెట్టి, ముల్లును మన చేత్తో దించుతాం. పాటలయ్యాక లేచి వెళ్లి ఇంకొకటి పెట్టుకోవాలి. చేంజర్‌కు ఆ బాధ లేదు. దాని నడుమ స్పిండిల్ అనే పొడుగాటి కడ్డీ ఉంటుంది. దానికి ఆరు రికార్డులు దొంతిగా గుచ్చి, పైన ఒక ఇనుప పట్టీ ఆనించి, మీట తిప్పితే చాలు. అన్నిటికంటే అడుగున ఉన్న రికార్డు టప్పున పళ్లెం మీద పడుతుంది. ముల్లు దానంతటదే వచ్చి వాలుతుంది. ఆ వైపు అయిపోగానే పక్కకు తప్పుకుంటుంది, రెండో రికార్డు దాని మీద పడుతుంది. ఎల్పీలైతే, అంటే పెద్ద రికార్డులైతే, ఆరింటికీ కలిపి రెండు గంటలకు పైనే పడుతుంది.

రికార్డులన్నీ పడ్డాక పైన ఆనించిన పట్టీకి ఆసరా ఉండదు కాబట్టి అది కిందికి జారుతుంది. అలా జారడమే గుర్తు. ఇంక రికార్డుల్లేవన్న కబురు దాని ద్వారా అడుగున ఉన్న ఒక లివర్‌కు అందుతుంది. చివరి రికార్డు పూర్తికాగానే ముల్లు తన స్టాండు మీదికి పోయి పడుకుంటుంది, మోటారు ఆగుతుంది. దీన్ని ఆటో స్టాప్ అంటాం. కరెంటు తెలివేమీ లేదు ఇందులో, అంతా ఇనుప ముక్కలు ఒకదాన్నొకటి నెట్టుకోవడమే. చేంజర్ పనిలో అన్నిటికంటే విసిగించేది ఈ ఆటో స్టాపే. దాన్ని పాత మిషన్‌లో సరిగ్గా పలికించినవాడు తన భుజం తాను తట్టుకోవచ్చు. నేను తట్టుకున్నాను కూడా.

జూలైలో ఒక పొద్దున నర్సింగ్ వచ్చాడు. మాకు రెండు గల్లీల అవతల వాళ్ల ఇల్లు, ఇంటి వెనకే బర్రెల కొట్టం. మూడు తరాలుగా పాల వ్యాపారం. యాభై దాటిన మనిషి, పాల క్యాన్లు పెట్టే బండి మీద చేంజర్‌ను దుప్పట్లో చుట్టి కట్టుకొచ్చాడు.

"ఇది మా అమ్మది శంకరన్నా. నాలుగు నెలలాయె బందయ్యి. రికార్డు పడ్తలేదు, పడితే ముల్లు వస్తలేదు."

"ఇంకా వింటున్నరా దీంట్ల?"

"అమ్మ ఒక్కతే వింటది. శుక్రవారం పగటీలి తిన్నంక వెనక రూముల తలుపేసుకొని పెట్టుకుంటది. నా చిన్నప్పటిసంది గదే చూస్తున్న. ఆ రెండు గంటలు ఎవ్వరు తలుపు కొట్టొద్దు. బాపు గూడ కొట్టడు." నవ్వాడు. "ఇది బందైన కాడికెల్లి మనిషి సక్కగ తింటలేదు. బాపు మంచంల ఉన్నడు, ఆయన గూడ పాట ఏదిరా అంటుండు."

వాళ్లమ్మ మల్లమ్మకు డెబ్బై ఆరు, తండ్రి కిష్టయ్యకు ఎనభై దాటాయి. నేను చిన్నప్పుడు చెంబు పట్టుకుని వాళ్లింటికి పాలకు వెళ్లేవాణ్ని. మల్లమ్మ కొసరు పోసేది గానీ మాట్లాడేది కాదు.

నర్సింగ్ బండి ఎక్కబోయి మళ్లీ దిగాడు. "ఆ, మరిచిన. అమ్మ ఒక్క మాట గట్టిగ చెప్పుమన్నది. ఎట్లుండెనో గట్లనే చెయ్యాల్నంట. కొత్తగ ఏం చెయ్యొద్దంట."

ఈ మాట ప్రతివాళ్లూ అనేదే. తల ఊపి రసీదు రాసిచ్చాను.

మిషన్ బోర్లించి చూస్తే గ్రీజు బెల్లం పాకంలా ముదిరి గట్టిపడి ఉంది. గేర్లు కదలడం లేదు. మోటారు తిరుగుడును పళ్లేనికి అందించే రబ్బరు చక్రం ఉంటుంది, ఐడ్లర్ అంటాం, అది ఎండి నున్నబడింది. కిరసనాయిలుతో రెండు రోజులు కడిగాను. చక్రానికి కొత్త రబ్బరు వేయించాను. కరెంటు వైరు చీకిపోయి ఉంటే అదీ మార్చాను.

అప్పుడు కనబడింది ఆ తీగ. ఆటో స్టాప్ లివర్‌ను ఎవరో సన్నని రాగి తీగతో పక్కనున్న కమ్మీకి కట్టేశారు. పైన పట్టీ జారినా ఆ కబురు లివర్‌కు చేరదు. మిషన్ ఆగదు. చివరి రికార్డు అయిపోగానే ఆ రికార్డే మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది, అది అయిపోతే మళ్లీ అదే, ఎవరో వచ్చి మీట తిప్పేదాకా. తీగకు మూడు మెలికలు వేసి, కొస ఎవరి వేలికీ గుచ్చుకోకుండా లోపలికి మడిచి ఉంది. ఆ మడత నాకు తెలుసు. దాన్ని నేర్పడానికే మా నాయన నా చెవి ఎన్నిసార్లు మెలిపెట్టాడో. ఇది ఆయన కట్టిన తీగే.

నా మనసులో అప్పుడు ఏం వచ్చిందో దాచకుండా రాస్తాను. సంతోషం వచ్చింది. ఓహో, అంతటి రాజయ్య మేస్త్రికి కూడా ఆటో స్టాప్ సరిచేయడం చేతకాలేదు, తీగతో కట్టేసి చేతులు దులుపుకున్నాడు అనుకున్నాను. తీగ విప్పితే లివర్‌లో ఏ లోపమూ కనబడలేదు, కాస్త బిగుసుకుని ఉంది, అంతే. అక్కడైనా నేను ఆగి ఆలోచించాల్సింది. లోపం లేని దాన్ని నాయన ఎందుకు కట్టాడని అడగాల్సింది. నేను తీగను చెత్త డబ్బాలో పడేసి, లివర్‌ను కడిగి, ఒక బొట్టు నూనె వేసి, మిషన్ అంతటదే ఆగేదాకా పదిసార్లు నడిపించి చూశాను. పదిసార్లూ అమ్మాయి మెట్లు దిగినంత నెమ్మదిగా ముల్లు వెళ్లి స్టాండు మీద పడుకుంది. నా పనితనం చూసి నేనే మురిసిపోయాను.

నర్సింగ్ మిషన్‌తో పాటు ఆమె వినే ఆరు రికార్డులూ ఇచ్చాడు. వాటిలోనూ ఒక వింత ఉంది. ఆరింటికీ ఒక్క వైపే అరిగింది. రెండో వైపు తళతళలాడుతోంది, ముల్లు తాకిన గీత లేదు. పాటలంటే ప్రాణం ఇచ్చే మనిషి ముప్పై ఏళ్లకు పైగా ఒక్కసారైనా తిప్పి వేసుకోదా? పైగా అన్నిటికంటే చివర పడే షెహనాయి రికార్డు మిగతావాటికంటే ఎక్కువ అరిగి బూడిద రంగుకు తిరిగింది. ఇవన్నీ నా కళ్లతో చూశాను. ముసలివాళ్ల అలవాట్లు అనుకుని తుడిచి కవర్లలో పెట్టేశాను.

బుధవారం నాడు నేనే వెళ్లి వెనక గదిలో బిగించి వచ్చాను. గదికి రెండు తలుపులు, ఒకటి కిష్టయ్య మంచం ఉన్న ముందు గదిలోకి, ఇంకొకటి బర్రెల కొట్టంలోకి. ఒక రికార్డు పడటం, ముల్లు వాలడం చూపించాను. చివరిదాకా చూసే తీరిక ఎవరికీ లేదు, అది పాలు పితికే వేళ. మల్లమ్మ మిషన్ చుట్టూ తిరిగి, చెక్క మీద చెయ్యి వేసింది.

"ఎట్లుండెనో గట్లనే ఉన్నది గద బిడ్డా?"

"దానికంటే మంచిగ చేసిన అమ్మా," అన్నాను.

ఆమె ఇంకేదో అడగబోయి, ముందు గదిలో దగ్గిన కిష్టయ్య వైపు చూసి ఊరుకుంది.

శుక్రవారం నాలుగున్నర ప్రాంతంలో ఫోన్ మోగింది. నర్సింగ్. గొంతు గుర్తుపట్టలేనట్టుగా ఉంది.

"ఏం వైరింగ్ చేసినవ్ అన్నా దానికి? పాట ఆగిపోయింది. అమ్మ తలుపు తీస్తలేదు. ఎంత పిల్చినా పలుకుతలేదు. కరెంట్ గిట్ల కొట్టిందా? జల్ది రా."

చెప్పులు వేసుకోలేదు, షట్టర్ దించలేదు. ఆ రెండు గల్లీలు ఎలా దాటానో తెలియదు గానీ దారి పొడుగునా నేను వేసిన ప్రతి వైరూ కళ్ల ముందు కదిలింది. కొత్త వైరు నేనే వేశాను. ప్లగ్గు నేనే బిగించాను. ఎర్త్ ఇచ్చానా? ఇచ్చాననే గుర్తు. నిజంగా ఇచ్చానా? వాన రోజులు, నేల చెమ్మగా ఉంటుంది, ఆమె ఉత్త కాళ్లతో నడుస్తుంది, మిషన్ పైభాగం అంతా ఇనుము. నా చేత్తో నేను ఒక మనిషిని చంపేశాను అనుకున్నాను. రాజయ్య కొడుకువేనా అని అడిగినవాళ్లంతా కరెక్టే అడిగారు అనుకున్నాను.

ఇల్లంతా జనం. కిష్టయ్య మంచం మీద సగం లేచి, గోడకు చెయ్యి ఆనించి "మల్లమ్మా, మల్లమ్మా" అని పిలుస్తున్నాడు. ఆ గొంతులో బలం లేదు, అయినా ఆపడం లేదు. నర్సింగ్, పక్కింటాయన తలుపును భుజాలతో గుద్దుతున్నారు. నేను ముందు మెయిన్ స్విచ్ ఆపాను. మూడో దెబ్బకు లోపలి గొళ్లెం ఊడింది.

గదిలో ఎవరూ లేరు.

మంచం మీద దుప్పటి నలగలేదు. మూలన మిషన్. ఆరు రికార్డులూ పళ్లెం మీద చక్కగా దొంతిగా ఉన్నాయి. పైన పట్టీ కిందికి జారి ఉంది. ముల్లు స్టాండు మీద పడుకుని ఉంది. ఆటో స్టాప్ ఎలా పనిచేయాలో అలాగే, గీత తేడా లేకుండా పనిచేసింది. కొట్టం వైపు తలుపు బయటి నుంచి దగ్గరికి వేసి ఉంది. ఆ కంగారులో అటు తిరిగి వెళ్లి చూడాలని ఎవరికీ తోచలేదు.

"ఉన్నదారా? ఊపిరి ఆడుతున్నదా?" కిష్టయ్య కేక.

"అమ్మ రూమ్‌ల లేదు బాపు," అన్నాడు నర్సింగ్. అంటూ నా ముఖంలోకి చూశాడు, అదేదో నేను చెప్పాలన్నట్టు.

ఆమె చావలేదని తెలిసి ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నాను. ఆ మరుక్షణం నా బల్ల మీద చూసినవన్నీ ఒకదానితో ఒకటి కలిశాయి. ఒక్క వైపే అరిగిన రికార్డులు. బూడిదైన షెహనాయి. మూడు మెలికల తీగ. ఈ పాటలు ఆమె ఎన్నడూ వినలేదు. పాట మోగుతున్నంతసేపు ఆమె గదిలో ఉన్నట్టు లెక్క. ఆలస్యమైతే పాట ఆగకూడదు కాబట్టి తీగ. అది మా నాయన చేతకాక కట్టిన తీగ కాదు. ఈ పనికే కట్టిన తీగ. దాన్ని నేను విప్పి చెత్తలో పారేశాను.

ఎవరికీ ఏమీ చెప్పకుండా కొట్టం తలుపులోంచి వెనక గల్లీలోకి వచ్చి, రోడ్డు మలుపు దగ్గర నిలబడ్డాను. సన్నగా వాన. పావుగంటకు షేర్ ఆటోలోంచి మల్లమ్మ దిగింది. ఒక చేతిలో గుడ్డ సంచీ, ఇంకో చేతిలో చెప్పులు. నన్ను చూసి ఆగింది.

"రాజయ్య కొడుకువు గద. ఈడ నిలబడ్డవేంది వానల?"

"పాట ఆగిపోయిందమ్మా. మీకేమన్నయిందని తలుపు పగులగొట్టిన్రు. అందరు ఇంట్లనే ఉన్నరు."

"ఎట్లాగుతది? అది ఆగది."

"కింద తీగ ఉండె. నేనే తీసేసిన."

పక్కనున్న గడప మీద కూలబడింది. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టినా బాగుండేది.

"గట్లనే చెయ్యుమంటిని గద బిడ్డా," అంది.

ఆ గడప మీదే, వానలో, నాలుగు మాటల్లో చెప్పింది. ఆమెకు నర్సింగ్ కంటే ముందు ఒక కూతురు. సుగుణ. బస్సు డిపోలో ఫిట్టర్ పని చేసే ఒక క్రిస్టియన్ అబ్బాయిని చెప్పకుండా పెళ్లి చేసుకుంది. కిష్టయ్య ఆ రోజే కూతురు చచ్చిందని తలమీద నీళ్లు పోసుకున్నాడు. ఇంట్లో ఆ పేరు ఎత్తకూడదు. ఫోటోలు తీసేశాడు. మల్లమ్మ మూడు నెలలు ఏడుస్తూనే ఉంటే, ఆమె మనసు మళ్లించాలని ఎవరో పెద్దింటివాళ్లు అమ్ముకుంటున్న ఈ చేంజర్‌ను తెచ్చి వెనక గదిలో పెట్టించాడు. సుగుణ పురానాపూల్ అవతల ఉంటుంది, పత్తర్‌గట్టి బట్టల దుకాణాలకు చీరల ఫాల్స్ కుడుతుంది. శుక్రవారం దుకాణాలు బంద్ కాబట్టి ఆమెకూ ఆ రోజే తీరిక.

"మిషన్ బిగియ్యనీకి మీ నాయన వచ్చిండు. నర్సింగ్ బాపు బయటికి పోయినంక అడిగిన, మేస్త్రీ, ఇది ఆగకుంట చేస్తవా అని. ఎందుకని అడగలే బిడ్డా. ఎంతసేపు కావాలె చెల్లె, అని అడిగిండు. గంతే. తీగ కట్టి పోయిండు. ముప్పై ఏడేండ్లు. ఎవ్వరికన్న చెప్పిండా?"

"నాకు గూడ చెప్పలే," అన్నాను. ఆమె తడిసిన సంచీని ఒళ్లోకి తీసుకుంది.

"ఇంట్ల ఫోన్లున్నయి గద అమ్మా, మాట్లాడుకోవచ్చు గద," అన్నాను, ఏదో ఒకటి అనాలని.

"మాట్లాడొచ్చు. ముట్టుకోరాదు గద."

అప్పుడు నేను ఒక అబద్ధం సిద్ధం చేశాను. మిషన్ గురించి ఏదో అడగడానికి మీరు మా దుకాణానికి వచ్చారని చెబుతాను, మీరు ఊఁ అంటే చాలు అన్నాను. ఆమె గడప మీంచి లేచింది. తర్వాత చెప్పులు కింద పడేసి వేసుకుంది.

"వద్దు బిడ్డా. ఇంక నా వల్ల కాదు. ముందటి దర్వాజల్నుంచి పోదాం పా."

గల్లీ గల్లీ అంతా గుమ్మం దగ్గరే ఉంది. ఆమె వాళ్ల మధ్య నుంచి నడిచి వెళ్లి భర్త మంచం పక్కన నిలబడింది. కిష్టయ్య ఆమె చెయ్యి పట్టుకుని మణికట్టు దాకా తడిమి చూశాడు, ఉందా లేదా అన్నట్టు.

"ఏడికి పోయినవ్?"

"సుగుణ తానికి."

ఆ పేరు ఆ ఇంట్లో పడగానే నర్సింగ్ తలుపు చెక్కను పట్టుకున్నాడు. ఇంట్లో ఆడవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నర్సింగ్ కూతురు, ఇరవై ఏళ్ల పిల్ల, మెల్లగా అడిగింది, "మాకు మేనత్త ఉన్నదా నానమ్మా?"

"ఎన్నడిసంది?" అన్నాడు కిష్టయ్య.

"నువ్వు మిషన్ తెచ్చిన కాడికెల్లి. శుక్రవారం శుక్రవారం."

"అది తెచ్చినంకనే గద నువ్వు ఏడుసుడు బంద్ చేసినవ్."

"అవు."

"పాటలు ఇని మరిచిపోయినవనుకున్న."

"నువ్వట్ల అనుకోవాల్ననే పెట్టిన."

లొల్లి అవుతుందనుకున్నాను. ముసలాయన ఆమె చెయ్యి వదిలేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు. ఆ గోడకు అవతలే మిషన్ ఉంది. ఇన్నేళ్లూ ఆయన ఆ గోడ పక్కనే పడుకుని, లోపల భార్య పాటలు వింటోందని నిశ్చింతగా ఉన్నాడు. ఇప్పుడు ఆ గోడకు అవతల ఎవరూ ఉండేవారు కాదని తెలిసింది. గోడ వైపు తిరిగిన ఆ వీపును నేను చూడలేకపోయాను. బయటికి వస్తుంటే నర్సింగ్ నా భుజం పట్టుకుని "నీకెరుకనా అన్నా?" అన్నాడు. "గంట ముంగలిదాక ఎరుకలేదు భాయ్," అన్నాను. అది నిజమే. కానీ తెలుసుకోవలసినవన్నీ నా బల్ల మీద పది రోజులు ఉన్నాయి, అదీ నిజమే.

ఆ తర్వాత రెండు వారాలు నా చేతులు పనికి రాలేదు. రెండు రేడియోలు విప్పి, బిగించడం మరిచి అలాగే వదిలేశాను. చెత్త డబ్బా బల్ల మీద కుమ్మరించి ఆ తీగ వెతికాను. దొరికింది. దాన్ని చూస్తూ కూర్చునేవాణ్ని. నాయన రోజూ దుకాణం నుంచి వచ్చి, అన్నం తింటూ, ఎవరి రేడియోలో ఏ వాల్వు పోయిందో వరసగా చెప్పేవాడు. ఇది మాత్రం చెప్పలేదు. నాకు తెలియని మనిషి ఇన్నేళ్లు మా ఇంట్లో తిరిగాడా అనిపించింది.

రెండో శుక్రవారం గడిచిన మర్నాడు మల్లమ్మ, నర్సింగ్ ఇద్దరూ వచ్చారు. నర్సింగ్ చేతుల్లో దుప్పటి మూట. మూటను బల్ల మీద పెట్టి, అడక్కముందే చెప్పాడు.

"అక్కను చూసొచ్చిన అన్నా. ఆ గల్లీల నేను దినాం పాలు పోస్త. ఆ తలుపు ముంగట్నుంచే పోత. ఆమె దినాం కిటికీలకెల్లి నన్ను చూస్తుండెనంట. నేను గుర్తువట్టలే." అతను మూట ముడి విప్పసాగాడు. "ఇంటికి తోలుకొస్త అని బాపును అడిగిన. మొఖం తిప్పుకున్నడు. పేరు గూడ ఎత్తనిస్తలేడు."

"మరి మిషన్?"

ఈసారి మల్లమ్మ చెప్పింది. ముసలాయన ఈ రెండు వారాలూ ఎవరితోనూ మాట్లాడలేదట. మొదటి శుక్రవారం ఆమె ఎక్కడికీ పోలేదు, మంచం పక్కనే కూర్చుంది. నిన్న రెండో శుక్రవారం. తిన్నాక ఆయనే నోరు విప్పాడు.

"ఇయ్యాల శుక్రవారం గద, పాట పెట్టవా, అన్నడు. పెడితే నేను ఏడికి పోతనో ఎరుకేనా అన్న. నేను నిన్ను అడిగిన్నా? అన్నడు." ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది. "తలుపేసుకో, పాట మాత్రం ఆగొద్దు అన్నడు. మొన్న ఆగంగనే నువ్వు సచ్చిపోయినవనుకున్న, మళ్ల గట్ల చెయ్యకు, అన్నడు."

ఆమె నిన్న వెళ్లలేదు. తీగ లేదు కదా.

నేను మిషన్ బోర్లించాను. పాత తీగ మళ్లీ వంచితే విరుగుతుంది, అందుకని కొత్త రాగి తీగ తీసుకున్నాను. మొదటిసారి మెలిక జారింది. రెండోసారి కొస బయటికి వచ్చింది. లోకంలో ఏ చేంజర్‌నైనా విప్పి బిగించగలనని విర్రవీగినవాణ్ని, మూడు మెలికలు వేయలేక చెమటలు కక్కాను. మూడోసారికి కుదిరింది.

అప్పటి నుంచి పాత మిషన్‌లో ఎవరైనా వంచిన లివర్, కట్టిన తీగ, అడ్డం పెట్టిన పుల్ల కనబడితే నా చేతులు వెంటనే వెళ్లవు. కొత్తగా ఉన్నప్పుడు మిషన్ ఎలా ఉండేదో కంపెనీ కాగితంలో ఉంటుంది. ఆ ఇంటికి అది ఎలా ఉండాలో ఆ ఇంట్లోవాళ్లకే తెలుస్తుంది. కాబట్టి అడుగుతాను. ఎందుకు అని కాదు. అది మన పని కాదు. నాయన అడిగిందే అడుగుతాను. నిజానికి ఆ ప్రశ్నకు జవాబుతో పనేం లేదు. తీగ కట్టాక మిషన్ రెండు గంటలైనా మోగుతుంది, రెండు రోజులైనా మోగుతుంది. అది నాయనకు తెలియదా? తెలుసు. అయినా ఆమెను అడిగాడు.

కొస లోపలికి మడవబోతూ నేనూ తలెత్తి అడిగాను.

"ఎంతసేపు కావాలె అమ్మా?"

మల్లమ్మ నా వైపు చూసింది. కొడుకు వైపు చూసింది. తర్వాత తన కాళ్ల వైపు చూసుకుంది.

"అప్పట్ల రెండు గంటలు సాలుతుండె బిడ్డా. ఇప్పుడు ఆటో దిగి ఆ గల్లీ నడిచెతందుకే అర్ధగంటైతున్నది. జర ఎక్కువ కట్టు."